సత్యభామ వేషం నుంచి యాక్టింగ్ క్లాసుకి

మా క్లాసులో చేరడానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఒకటే: "మీరు డాన్స్ మేడమ్ కదా, యాక్టింగ్ ఎలా చెబుతారు?" అడగాల్సిన ప్రశ్నే. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. కూచిపూడి వేషాలు కట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా స్టేజీల మీద తిరిగిన మనిషిని. ఇప్పుడు సాయంత్రాలు హైదరాబాద్‌లో కృష్ణానగర్ దగ్గర ఒక మేడ మీద గదిలో, సినిమాల్లోనో సీరియళ్ళలోనో చేయాలని వచ్చిన కుర్రాళ్ళకూ అమ్మాయిలకూ నటన చెబుతున్నాను. ఈ మధ్యలో ఏం జరిగిందో, నాట్యంలో ఏది పనికొచ్చిందో, ఏది వదిలించుకోవడానికి ఏళ్ళు పట్టిందో రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

మాది బందరు. ఇంట్లో ఎవరికీ నాట్యంతో సంబంధం లేదు. మా అమ్మకు మాత్రం పిచ్చి. ఆదివారాలు, పండగ సెలవులు, వేసవి సెలవులు అన్నీ కూచిపూడిలోనే గడిచేవి. బందరులో బస్సెక్కి పామర్రులో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆ పక్క ఊరే మొవ్వ, పదకర్త క్షేత్రయ్య ఊరు. ఆయన పదాలు, అంటే కృష్ణుడి మీద కట్టిన ప్రేమ పాటలు, అభినయించేటప్పుడు అందులో "మువ్వగోపాల" అని వస్తే మాకు ఏదో మా వీధిలో మనిషిని పిలిచినట్టు ఉండేది.

కూచిపూడి గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. అది పుట్టింది ఒక్క మనిషి చేసే కచేరీగా కాదు, నాటకంగా. పాత్రధారి తనే నోరు తెరిచి మాట్లాడాలి, తనే పాడాలి, ఎదుటి పాత్రతో వాదులాడాలి. దాన్నే వాచికం అంటాం. ఇప్పుడు మనం చూసే సోలో కచేరీల్లో గాయకులు పక్కన కూర్చుని పాడతారు, నర్తకి పెదవులు కదిపితే చాలు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఈ నాట్యం దేశదేశాలు తిరిగింది, నాలాంటి ఆడపిల్లలు ఎందరో నేర్చుకోగలిగారు. అంతకుముందు తరాల్లో ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే. ఆయన 2012లో పోయారు, చినసత్యం గారూ అదే ఏడాది వెళ్ళిపోయారు. మా మాస్టారు మాత్రం పాతకాలం మనిషి. అడవులు (కాలి అడుగుల పాఠాలు), జతులు (తాళానికి కూర్చిన అడుగుల వరసలు) ఎంత చెప్పేవారో మాటలు కూడా అంతే చెప్పించేవారు. మాట స్పష్టంగా లేకపోతే కాలు ఎంత బాగా పడినా ఊరుకునేవారు కాదు.

సత్యభామ కథగా ఆడే కూచిపూడి నాటకం భామాకలాపంలో ఒక ఘట్టం ఉంది. కృష్ణుడు అలిగి వెళ్ళిపోయాడు. సత్యభామ విరహంతో ఉంది. చెలికత్తె మాధవి వచ్చి, నీ మొగుడి పేరేమిటో చెప్పు, వెళ్ళి తీసుకొస్తానంటుంది. పేరు చెప్పడానికి సత్యకు సిగ్గు. ఎంత అడిగినా చెప్పదు. సంప్రదాయంలో మాధవిని సూత్రధారుడే చేస్తాడు కాబట్టి మా మాస్టారే మాధవి. ఆయనకో అలవాటు ఉండేది. నిన్న అడిగినట్టు ఇవాళ అడిగేవారు కాదు. ఒకరోజు నవ్వుతూ అడిగేవారు, ఒకరోజు విసుక్కుంటూ, ఇంకోరోజు అసలు అడక్కుండా "సరేలే, నాకేం పట్టింది" అని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసేసేవారు. పుస్తకంలో లేని మాటలు వేసేవారు. నేను నేర్చుకున్న వరస ప్రకారం తల వంచి, పైట కొస పట్టుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తుంటే తాళం ఆపేసేవారు. "నేనేమడిగానో విన్నావా? నీ వంతు ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నావు. మళ్ళీ" అనేవారు. అప్పుడు నాకు ఒళ్ళు మండేది. చెప్పినట్టే చేస్తున్నా కదా, ఇంకేం కావాలి ఈయనకి అనుకునేదాన్ని.

పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. ఒక నృత్యనాటక బృందంలో చేరాను. శివరాత్రికి ఒక ఊరు, బ్రహ్మోత్సవాలకు ఒక ఊరు, దసరాకు ఇంకో ఊరు. రవీంద్రభారతిలో కార్యక్రమాలు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కార్యక్రమాలు. సాయంత్రం నాలుగింటికే మేకప్ వేసుకుని, సత్యభామ జడ బిగించుకుని కూర్చుంటే, పెద్దల ప్రసంగాలూ శాలువాలూ అయ్యేసరికి రాత్రి పది. ఆ జడ బరువుకి మెడ నరాలు లాగేసేవి. గుళ్ళ ముందు వేసే స్టేజీల్లో చెక్కల మధ్య సందులుంటాయి, కాలి వేలు అందులో పడితే అంతే. అయినా అదంతా ఇష్టంగానే గడిచింది.

తర్వాత సోలోలు మొదలుపెట్టాను. డబ్బు సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. సోలో కచేరీకి పిలిచినవాళ్ళు ఇచ్చే పారితోషికంలోంచే నట్టువాంగానికి (తాళం వేస్తూ జతులు చెప్పేవాళ్ళకు), గాత్రానికి, మృదంగానికి, వయొలిన్‌కి, మేకప్ మనిషికి, వ్యాన్‌కి అన్నింటికీ ఇచ్చుకోవాలి. అందరికీ ఇచ్చాక నర్తకికి మిగిలేది శాలువా, మెమెంటో. కొన్నిసార్లు చేతి డబ్బు పడేది. హైదరాబాద్‌లో ఏ నాట్య కళాకారిణిని కదిపినా ఇదే చెబుతుంది. బతుకు నడిచేది పిల్లలకు చెప్పే క్లాసుల మీద, వాళ్ళ రంగప్రవేశాల మీద. నాకూ అంతే. నలభై దగ్గర పడుతుంటే మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. సిమెంటు నేల మీద, మోకాళ్ళు వంచి సగం కూర్చునే అరమండిలో ఏళ్ళ తరబడి కొట్టిన అడవులు ఊరికే పోతాయా.

అలాంటి సమయంలో నాటకాలు వేసే ఒక మిత్రుడు పిలిచాడు. తన బృందంలో నటులు కర్రల్లా నిలబడుతున్నారట. "ఒళ్ళు కదిలేలా ఏమైనా చెప్పక్కా" అన్నాడు. మూవ్‌మెంట్ క్లాసు అని పేరు పెట్టాడు. వెళ్ళాను. అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్ళ ఒళ్ళు కాదు, చేతులు. డైలాగు అద్భుతంగా చెబుతున్నాడు ఒకాయన, కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబులో, ఒకసారి వెనక, ఒకసారి గడ్డం మీద. నాట్యంలో ఈ బాధే ఉండదు. అభినయదర్పణం అనే పాత నాట్య గ్రంథం ఒంటిచేతి ముద్రలే ఇరవై ఎనిమిది చెబుతుంది. చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలి, చూపు వెళ్ళిన చోటికి మనసు వెళ్ళాలి అని మొదటి రోజుల్లోనే చెబుతారు.

ఆయనకు ముద్రలు నేర్పితే నవ్వులపాలవుతాడు. మర్నాడు మా ఇంటినుంచి అరకిలో చిక్కుడుకాయలు పట్టుకెళ్ళాను. అదే సీనులో ఆయన్ని కూర్చోబెట్టి ఈనెలు తీస్తూ డైలాగు చెప్పమన్నాను. తమ్ముడితో ఆస్తి తగాదా సీను అది. మొదట్లో గబగబా తీశాడు. తమ్ముడు "నాన్న నాకే ఇచ్చాడు" అన్న మాట దగ్గర చెయ్యి దానంతటదే ఆగిపోయింది. కాయ సగం విరిగి వేళ్ళ మధ్య ఉండిపోయింది. ఆయనకు తెలియను కూడా తెలియదు. చూస్తున్నవాళ్ళందరికీ మాత్రం ఆ ఆగడంలో మొత్తం అర్థమైంది. నటుడికి భావం గురించి ఉపన్యాసం చెప్పే బదులు చేతికి పని ఇవ్వాలని రష్యా నాటక గురువు స్టానిస్లావ్‌స్కీ తన చివరి రోజుల్లో గట్టిగా పట్టుబట్టాడని నేను చదివింది చాలా తర్వాత. మా చిక్కుడుకాయలు ముందొచ్చాయి.

అలా నాటకాల వాళ్ళతో తిరుగుతూ ఒకటి రెండు నాటకాల్లో నేనే వేషం వేశాను. అక్కడినుంచి ఒక సినిమాలో చిన్న పాత్ర వచ్చింది. హీరో స్నేహితుడి తల్లి. ఒకే ఒక్క ముఖ్యమైన సీను: కొడుక్కి యాక్సిడెంట్ అయిందని ఫోన్ వస్తుంది. ఫోన్‌లో అవతల ఎవరూ ఉండరు కదా, అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ఆ మాటలు ప్రాంప్టింగ్ ఇస్తున్నాడు. నేను ఫోన్ ఎత్తాను. విన్నాను. కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి గుండె మీదకి వెళ్ళింది, ఒళ్ళు వెనక్కి వాలింది, పెదవి వణికింది. సెట్టులో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. డైరెక్టర్ కుర్రాడు, నా కొడుకు వయసు. దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "చాలా బాగా చేశారమ్మా. కానీ మీకు వార్త ముందే తెలిసినట్టుంది" అన్నాడు.

మానిటర్‌లో చూపించాడు. నిజమే. అసిస్టెంట్ డైరెక్టర్ వాక్యం ముగియకముందే నా కుడిచెయ్యి కదలడం మొదలుపెట్టింది. కళ్ళు, చెయ్యి, ఒళ్ళు, పెదవి, నాలుగూ వరసగా, ఒక్కోటి ఒక్కో దెబ్బ మీద, ఎవరో లోపల తాళం వేస్తున్నట్టు పడ్డాయి. ఆ సీను ఇంకో రకంగా చేయించుకుని తీసుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ఎంతోకాలం నిద్ర పట్టనివ్వలేదు.

ఎందుకంటే అది అలవాటు కాదు, మా విద్యే అది. నాట్యంలో తర్వాత ఏం వస్తుందో తెలియాలి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, తీర్మానం, అంటే జతిని ముగించే ముక్క, ఎక్కడ ఎత్తుకుంటే ఎక్కడ వచ్చి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడుతుందో ఒంట్లో లెక్క నడుస్తూ ఉండాలి. లెక్క తప్పితే మృదంగం ఒక చోట, కాలు ఒక చోట. నాట్యం తెలిసినవాళ్ళ దృష్టిలో ముందే తెలిసి ఉండటమే గొప్ప. నటనలో అది తిరగబడుతుంది. డైలాగు కంఠతా వచ్చి ఉంటుంది, సీను ఎలా ముగుస్తుందో తెలుసు, అయినా ఎదుటివాడి మాట చెవిన పడేదాకా మనకేమీ తెలియనట్టు ఉండాలి. ఉండటం అంటే ఉన్నట్టు నటించడం కాదు. నిజంగా వినాలి. అప్పుడు గుర్తొచ్చారు మాస్టారు, "నేనేమడిగానో విన్నావా" అంటూ. ఆయన తాళం ఆపి చెప్పించాలని చూసింది ఇదే. పాత కూచిపూడి నాటకంలో, అంటే యక్షగానంలో ఎదుట ఇంకో మనిషి ఉన్నాడు, వాడి మాట వినాలి. సోలోలకు వచ్చాక నాకు ఎదుట ఎవరూ లేరు. కృష్ణుణ్ణీ నేనే ఊహించుకోవాలి, మాధవినీ నేనే ఊహించుకోవాలి. వాళ్ళిద్దరూ నా తాళం ప్రకారమే మాట్లాడతారు. వినడం అనే పనే ఒంట్లోంచి పోయింది.

నటన నేర్పాలనే ఆలోచన నిజానికి అక్కడే మొదలైంది. నాకు నేను సరిచేసుకోవాలి, ఆ పనికి ఇంకొందరు మనుషులు కావాలి. ముందు చదివాను. చదివినదాంట్లో బాగా పనికొచ్చింది శాన్‌ఫర్డ్ మైస్నర్ అనే అమెరికా గురువు పెట్టిన ఒక అభ్యాసం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు ఎదుటివాళ్ళలో కనిపించింది చెబుతారు, "నీ చొక్కా నలిగింది" అని. రెండోవాళ్ళు అదే తిరిగి అంటారు, "నా చొక్కా నలిగింది". అలా అంటూనే ఉండాలి. కాసేపటికి ఆ మాటకు అర్థం పోతుంది, ఎదుటి ముఖంలో వచ్చే మార్పే మిగులుతుంది. చొక్కా గురించే మాట్లాడుతూ ఒకసారి ఇద్దరు స్నేహితులు నిజంగా పోట్లాడుకునేదాకా వెళ్ళారు. ఆపాల్సి వచ్చింది.

ఆ మైస్నర్ పనిచేసిన న్యూయార్క్ నాటక పాఠశాలలో నటులకు కదలిక నేర్పింది ఎవరో తెలుసా? మార్తా గ్రాహం, ఆధునిక నృత్యంలో మహామహురాలు. నాట్యగత్తె నటులకు పాఠం చెప్పడం నాతో మొదలు కాలేదని అది చదివి కాస్త ధైర్యం వచ్చింది. ఆవిడ క్లాసులోనే వెన్ను దెబ్బతిని హాలీవుడ్ నటుడు గ్రెగరీ పెక్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి వెళ్ళలేకపోయాడు. అందుకే మా క్లాసులో ఒళ్ళు వంచే వ్యాయామాలు తక్కువ.

కేరళలో ఇరింజాలకుడ అనే ఊళ్ళో జి.వేణు గారు అక్కడి పాత సంస్కృత నాటకమైన కూడియాట్టం పద్ధతిలో నటుల కోసం నవరసాల శిక్షణ ఇస్తారు. అలాంటి పద్ధతిలో కొంత నేర్చుకున్నాక నాకు శ్వాస విలువ తెలిసింది. మేము ముఖంలో భావం తెచ్చేది కండరాలతో. కనుబొమ్మ ఎత్తు, ముక్కుపుటాలు పొంగించు, పెదవి ఇలా పెట్టు అని చెబుతారు. వాళ్ళు ఊపిరి పట్టే తీరుతో మొదలుపెడతారు. ఊపిరి మారితే ముఖం దాని వెనకే వస్తుంది, ఎంత కావాలో అంతే వస్తుంది. దూరంనుంచి చూసే జనానికి కండరం పనిచేస్తుంది, దగ్గరగా పెట్టిన కెమెరాకు ఊపిరి చాలు. ఈ ఒక్కటి తెలిశాక నాకు క్లోజప్ అంటే టెన్షన్ పోయింది.

ఇక మా క్లాసు సంగతి. వచ్చేవాళ్ళు శ్రీకాకుళం నుంచి, కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి ఉంటారు. సగం మంది బీటెక్ చదివినవాళ్ళే. కొందరు పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వస్తారు, కొందరు రాపిడో నడుపుకుని వస్తారు. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. చేరేముందు అందరికీ ఒకటి చెబుతాను: ఇక్కడ ఛాన్సులు ఇప్పించరు. ఇది చెప్పగానే వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు. కోర్సు అయ్యాక సినిమా గ్యారంటీ అని లక్షలు కట్టించుకున్న చోట మోసపోయి వచ్చినవాళ్ళు మాత్రం ఆ మాటకే ఆగుతారు. ఒకమ్మాయి అయితే రశీదు తెచ్చి చూపించింది, అందులో "ట్రైనింగ్" అని తప్ప ఇంకేమీ లేదు. అదృష్టం కొద్దీ వాళ్ళ నాన్నగారు కోప్పడకుండా మళ్ళీ పంపారు.

మొదటి వారాల్లో నేను చేయించేది పూర్తిగా నాట్యంలోంచి తెచ్చుకున్నదే: సంచారి. పదం పాడేటప్పుడు గాయకులు ఒకే పాదాన్ని మళ్ళీ మళ్ళీ పాడతారు. నర్తకి ప్రతిసారీ దానికి కొత్త అర్థం చూపాలి. "ఎందుకు రాలేదు" అన్న ఒక్క మాటకు ఒకసారి దారి చూడటం, ఒకసారి దీపం సరిచేయడం, ఒకసారి ఇంకో ఆడదాని గురించి అనుమానం, ఒకసారి తనమీద తనకే జాలి. మాట ఒకటే, కింద కథ వేరు. నటుడికి ఇంతకన్నా మంచి సాధన నాకు ఎక్కడా దొరకలేదు. పడమటి పుస్తకాలు దీన్నే చాలా పేర్లతో చాలా పేజీల్లో చెబుతాయి.

మేము వాడే మాట "అన్నం తిన్నావా?" ప్రతివాళ్ళూ లేచి ఆ ఒక్క మాట అనాలి, కానీ ముందు చేసినవాళ్ళ కథ చేయకూడదు. మొదటి ఐదారుగురు అందరూ అమ్మలే అవుతారు, ప్రేమగా అడుగుతారు. ఆ తర్వాత కష్టం మొదలవుతుంది. నల్గొండ నుంచి వచ్చిన ఒక అబ్బాయి చాలాసేపు కూర్చునే ఉన్నాడు. అందరూ అయ్యాక లేచి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నట్టు వంగి, తలెత్తకుండా "తిన్నవా?" అన్నాడు. అంతే. ఏమిటి కథ అని అడిగితే, అప్పు అడగడానికి చెల్లెలి అత్తగారింటికి వెళ్ళిన అన్న అట. డబ్బు సంగతి ఎత్తలేక అన్నం సంగతి అడుగుతున్నాడట. మాకు కథ తెలియకముందే గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కువగా వెబ్ సిరీస్‌లలో చిన్న పాత్రలు చేస్తున్నాడు.

ఆ "తిన్నవా" సంగతి కూడా చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆడిషన్ అనగానే టీవీ యాంకర్ల తెలుగులోకి దిగిపోతారు. ఊపిరి అక్కడే ఆగిపోతుంది. నేను వాళ్ళ ఇంటి మాటలోనే చేయమంటాను. సీను శ్రీకాకుళం యాసలో బతికాక దాన్ని ఏ యాసలోకైనా మార్చుకోవచ్చు. మాస్టారి దగ్గర నేర్చుకున్న స్పష్టత వేరు, యాస వేరు. అక్షరం మింగకూడదు, అంతే. మన సినిమాల్లో మాట చాలావరకు తర్వాత డబ్బింగ్‌లో చెప్పేదే కాబట్టి సెట్టులో ఎలా చెప్పినా పరవాలేదని కొందరంటారు. సెట్టులో మాట బతకకపోతే డబ్బింగ్ థియేటర్‌లో పెదవికి మాట అతికించుకోవచ్చు, కంటికి అతికించలేం.

కళ్ళ విషయంలో మళ్ళీ అభినయదర్పణమే ఆదుకుంది. అందులో దృష్టిభేదాలు ఎనిమిది. సూటిగా చూడటం, పక్క చూపు, కిందికి చూపు, పైకి చూపు, ఇలా. స్టేజీ మీద సాచి అంటే కొనకంటి చూపు చివరి వరసకు అందాలి కాబట్టి మెడ కూడా సాయం వస్తుంది. క్లోజప్‌లో అదే చేస్తే దొంగచూపు అయిపోతుంది. పిల్లలకు ఎనిమిదీ పెద్దగా నేర్పి, తర్వాత ఫోన్ కెమెరా ముందు ఒక్కోదాన్ని తగ్గించుకుంటూ రమ్మంటాను. మెడ తీసెయ్, ఇప్పుడు కనుబొమ్మ తీసెయ్, ఇప్పుడు రెప్ప కూడా వదిలెయ్, ఆలోచన మాత్రం ఉంచు. ఎక్కడ పోతుందో వాళ్ళకే స్క్రీన్ మీద కనిపిస్తుంది. అసలు పెద్దగా చేయడం రానివాడికి చిన్నగా చేయడం రాదు. మొదటినుంచీ "నేచురల్‌గా చెయ్" అని నేర్చుకున్నవాళ్ళ ముఖాలు గోడల్లా ఉంటాయి. ఈ విషయంలో నాకూ కొంతమంది నాటక మిత్రులకూ ఎప్పుడూ వాదనే.

ఇంకొకటి, కూర్చుని చేసే అభినయం. గుళ్ళలో, ఆస్థానాల్లో ఆడిపాడిన కళావంతుల సంప్రదాయంలో పదాలు కూర్చుని అభినయించేవారు. కాళ్ళు లేవు, అడవు లేదు, ఉన్నదంతా నడుము నుంచి పైకి. అది సరిగ్గా మిడ్ షాటే. నా మోకాళ్ళు ఇలా అయ్యాక నేనూ కుర్చీలోంచే చేసి చూపిస్తున్నాను, పిల్లలకూ అలాగే అలవాటు చేస్తున్నాను.

అన్నింటికన్నా కష్టమైన విద్యార్థులు ఎవరంటే నాలాంటివాళ్ళే. చిన్నప్పటినుంచి నాట్యం నేర్చుకున్న అమ్మాయిలు. ఒళ్ళు చెప్పినట్టు వింటుంది, ముఖం అద్దంలా పలుకుతుంది. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలో లెక్క నడుస్తూ కనిపిస్తుంది. వాళ్ళకు భామాకలాపంలో ఆ సిగ్గు ఘట్టమే ఇస్తాను, మృదంగం లేకుండా, పాట లేకుండా, ఒట్టి మాటలుగా. మాధవి నేను. ఏం అడుగుతానో ముందు చెప్పను. ఒక్కోసారి అసలు మొగుడి ఊసే ఎత్తకుండా ముక్కుపుడక ఎక్కడ కొన్నావని అడుగుతాను. మొన్న ఒకమ్మాయికి నిజంగానే కోపం వచ్చింది. "మేడమ్, మీరు లైన్ మార్చేస్తే నేనేం చేయాలి?" అంది. "నువ్వు సత్యభామవి కదా, ఏం చేస్తావో నన్నడుగుతావేం" అన్నాను. మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది. ఆ తిరగడం చాలా బాగుంది. సీను అక్కడినుంచి కొనసాగించాం.

నాట్యం వాళ్ళు నన్ను సినిమా వాళ్ళలో కలిసిపోయిందంటారు. సినిమా వాళ్ళకు నేను ఇంకా డాన్స్ మేడమ్‌నే, ఎప్పుడైనా ఒక పాటకు ముద్రలు సరిచేయాలంటే ఫోన్ చేస్తారు. ఆదాయం చూస్తే ఉదయం పిల్లల కూచిపూడి క్లాసులే ఇప్పటికీ ఇల్లు నడుపుతున్నాయి, సాయంత్రం క్లాసు దాని ఖర్చు అది తీసుకుంటే గొప్ప. నాట్యం మానేసి నటన నేర్పాలనుకునేవాళ్ళు ఎవరైనా నన్నడిగితే, మానెయ్యొద్దంటాను. డబ్బు ఒక్కటే కారణం కాదు. ఉదయం పిల్లల చేత తాళం తప్పకుండా వేయించి, సాయంత్రం పెద్దవాళ్ళ చేత అదే తాళం మరిపించడం ఒంటికి మంచి కసరత్తు.

ఈ మధ్య మా పాత మృదంగం ఆయన క్లాసు చూడటానికి వచ్చారు. మూల కుర్చీలో కూర్చుని రెండు గంటలు చూశారు. పిల్లలంతా వెళ్ళాక, "అంతా బాగానే ఉందిగానీ, మధ్యలో ఆ ఖాళీలేంటమ్మా, నాకు చేతులు ఆడలేదు" అన్నారు. ఆయన్ని వచ్చే బ్యాచ్‌కి వాయిద్యం లేకుండా రమ్మన్నాను, మాధవి వేషం వేయమని. ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.